ఉల్లికాడకి దిగివచ్చిన ఎలియుఫో తాత

కిలిమంజారో ఇన్నాళ్లూ పడిపోకుండా నిలబడి ఉందంటే అది మా ఎలియుఫో తాత పెట్టిన భిక్ష. ఆయన పొద్దున్నే గడపలో నిలబడి ఒకసారి అటు చూస్తాడు. కొండ నడుం సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. ఆయనకి పడిశం పట్టిన రోజున అది కూడా మబ్బు కప్పుకుని పడుకుంటుంది. కొండ మీది మంచు ఏటేటా ఎందుకు తరిగిపోతోందో తెలియక ఎక్కడెక్కడివాళ్లో తలలు బద్దలుకొట్టుకుంటున్నారు గాని, మా మాంబా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు, తాత కోతల వేడికి కరిగిపోతోందని. నేను చదివిన నాలుగు తరగతుల్లో ఈ ముక్క ఏ పంతులూ చెప్పలేదు. ఎక్కువ చేసి చెబుతున్నానని అనుమానముంటే తాతనే అడగండి. ఆయనైతే ఇంకొంచెం కలిపి చెబుతాడు.

తాత పెద్ద గైడు. కొండెక్కాలని విమానాల్లో దిగేవాళ్లకి ముందు నడిచే మనిషి. 'మెల్లగా, మెల్లగా' అన్నది మా కొండ మీద గైడులందరూ అనే మాటే. మిగతావాళ్లు అది సలహాగా చెబుతారు, తాత తీర్పులా చెబుతాడు. ఒక అడుగు వేసి, అది సరిగ్గా పడిందో లేదో ఆలోచించుకుని, రెండోది వేస్తాడు. ఆయన వెనకాల నడిచిన ఒక ఇటలీ ఆయన, దారి పక్కన మొగ్గ విచ్చి పువ్వై రాలిపోవడం కూడా చూసే తీరిక దొరికిందని మురిసిపోయాడట. ఈ మనిషే, ఊళ్లో ఎవరింట్లోనో అరటికల్లు పొంగిందని కబురొస్తే, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పరుగెత్తుతాడని మా అమ్మమ్మ అపైకుందా సణుగుతుంది.

కొండ మీద తలనొప్పి పట్టి కూలబడ్డవాళ్లని కిందికి పంపేటప్పుడు తాత వాళ్ల భుజం తట్టి, "కొండ ఎక్కడికీ పోదు, మళ్లీ రండి" అంటాడు. వాళ్లు మలుపు తిరగ్గానే మోతగాళ్ల వైపు తిరిగి, పిండిబొమ్మలు, అని నవ్వుతాడు. తను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా జబ్బుపడి దిగలేదు. ఆయనకున్న ఆస్తి అదే. అరటి తోట ఇమ్మంటే ఇస్తాడేమో గాని ఆ ఒక్క మాటా వదులుకోడు. అందుకు కారణం ఉంది. మోషీ పట్నంలో కొండెక్కించే కంపెనీ నడిపే ఆవిడ, తాత జుట్టు నెరవడం చూసి, ముందే చెప్పేసింది: ఒక్కసారి జబ్బుతో దిగావంటే ఇక నువ్వు కొండ కింది గేటు దగ్గర కూర్చుని ఎక్కేవాళ్ల బూట్లు చూడాల్సిందే, పైకి పంపను. అప్పటినుంచీ తాత ఇంట్లో తుమ్మడానికి కూడా తలుపు వేసుకునేవాడు.

ఇక రెండో మనిషి గురించి చెప్పాలి. కానాఎలి అని తాతకి బావ, అక్క అనాసియా మొగుడు. ఇద్దరి అరటి తోటలూ పక్కపక్కనే. మధ్యన హద్దుగా ఇసాలే మొక్కల వరస. ఇసాలే అంటే పొడుగాటి ఆకులుండే మొక్క. మా చాగ్గా తెగవాళ్లకి హద్దు రాయి అదే, మధ్యవర్తీ అదే. తప్పు చేసినవాడు దాని ఆకు కోసి, ముడివేసి, రెండు చేతులతో పట్టుకొస్తే, అవతలివాడు లోపల ఎంత ఉడికిపోతున్నా పుచ్చుకుని తీరాలి. కాదన్నవాణ్ణి ఊరు మనిషిగా చూడదు. పుచ్చుకున్నాక ఇద్దరూ ఒకే సొరబుర్రలో అరటికల్లు తాగాలి. తాగేదాకా ఆ క్షమాపణ సగం ఉడికిన కూర. దాన్ని అలా వదిలేస్తే ఇద్దరి ఇళ్లకీ కీడు.

ఒక వానాకాలం వెళ్లాక చూస్తే, ఇసాలే మొక్క ఒకటి తాత తోటలోకి ఒక మూర జరిగి ఉంది. బావే జరిపాడన్నాడు తాత. నాకు ఇంకేం పనిలేదా అన్నాడు బావ. అంతే, మాటలు ఆగిపోయాయి. అవతలివాడే ఆకు పట్టుకుని రావాలని ఇద్దరి పట్టుదల. పోనీ మనమే పంపుదామని ఎవరికైనా బుద్ధి పుట్టినా, ఆకు కోయాల్సింది ఆ తగువు వరసలోంచే. ఏ పక్క నిలబడి కోస్తే హద్దు అక్కడే అని ఒప్పుకున్నట్టు అవుతుందని ఇద్దరికీ భయం. అలా నిలువెత్తున పెరిగిన క్షమాపణల కంచెకి అటొకడూ ఇటొకడూ నిలబడి, ఏళ్ల తరబడి మూతులు తిప్పుకున్నారు.

ఇంతలో గొప్ప చిక్కేమిటంటే, కానాఎలి వంటవాడు. తాత జట్టులోనే వంటవాడు. మోషీ ఆవిడకి ఎవరు ఎవరితో మాట్లాడితే ఏంటి, మాట్లాడకపోతే ఏంటి? తాత కథలు విన్నవాళ్లూ, కానాఎలి గుమ్మడికాయ సూపు తాగినవాళ్లూ మళ్లీ వాళ్లే కావాలని అడిగేవారు. అందుకని ఎప్పుడూ ఇద్దర్నీ కలిపే పంపేది. నడుమ నలిగింది ఐకాందె. కానాఎలి కూతురు, తాతకి మేనకోడలు, జట్టులో రెండో గైడు. వంటపాక గుమ్మంలో నిలబడి తాత, "ఐకాందే, మీ నాన్నతో చెప్పు, ఇవాళ సూపులో ఉప్పు మరిచిపోయాడు" అనేవాడు. కానాఎలి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉల్లిపాయలు తరుగుతూ, "మీ మామయ్యతో చెప్పమ్మా, ఉప్పు వేశాను, ఆయన నాలిక్కే వయసు మీదపడిందని" అనేవాడు. మొదట్లో ఆ పిల్ల అటూ ఇటూ మోసింది. తర్వాత విసుగుపుట్టి, "విన్నారుగా ఇద్దరూ" అని తన పని తను చూసుకునేది. ఉప్పు మీద తిట్టు పడని పూట లేదు. ఇంట్లో ప్రార్థన మానినా మానేవారు గాని, అది మానలేదు.

ఒక ఏడు వానలు వెలిశాక నార్వే నుంచి ఒక జంట వచ్చింది. ఆయన హాకొన్, ఆవిడ సోల్వేగ్. హాకొన్‌వి కొంగ కాళ్లు. వాళ్ల ఊళ్లో కొండల మీద పరుగెత్తడం ఆయనకి సరదా అట. గేటు దాటగానే తాతని దాటిపోబోయాడు. తాత కర్ర అడ్డం పెట్టి, ఈ కొండ పరుగెత్తేవాళ్లని తినేసి ఎముకలు మబ్బులోంచి ఉమ్మేస్తుందని చెప్పి, వెనక్కి నెట్టాడు. సోల్వేగ్ మాత్రం చక్కటి మనిషి. ఆగిన ప్రతిచోటా ఊలు తీసి అల్లుకునేది.

తాతకి బయలుదేరేముందే దగ్గు. అమ్మమ్మ అల్లం కాచి ఇచ్చి, ఈసారికి మానుకోమంది. కొండగాలి తగిలితే దగ్గే భయపడి పారిపోతుందన్నాడు తాత. అడవిలో నడిచినంతసేపూ దగ్గి, దాన్ని కోతుల మీదికి నెట్టాడు, అవి పుప్పొడి రాలుస్తున్నాయని. హొరొంబో మజిలీలో దగ్గి, దుమ్మన్నాడు. అక్కణ్ణుంచి పైన ఒక్క చెట్టుండదు, గడ్డి పోచ కూడా ఉండదు, రాళ్లూ గాలీ తప్ప. అక్కడ నెపం పెట్టడానికి ఏమీ దొరక్క ఊరికే దగ్గాడు.

ఆ రాళ్ల నేల మీద తాత నడక మరీ మెల్లబడింది. రెండడుగులు వేసి కర్ర మీద వాలి నిలబడేవాడు. హాకొన్‌కి ఇదేదో విద్యలో పైమెట్టు అనిపించింది. ఇన్నాళ్లకి మెల్లగా నడవడమంటే ఏమిటో అర్థమైందని పెళ్లాంతో చెప్పి, తాత ఆగినచోటల్లా తనూ కళ్లు మూసుకుని నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు. తాతకి ఆ ఊపిరే అందడం లేదని ఆయనకేం తెలుసు?

కీబో మజిలీకి మధ్యాహ్నం చేరారు. శిఖరానికి వెళ్లే ముందు అందరూ పడుకుని లేవాల్సిన చోటది. తాత బండ మీద కూర్చుని బూటు తాడు విప్పబోయి, విప్పలేక, రెండు బూట్లకీ కలిపి ముడేసుకున్నాడు. ఐకాందెని చూసి అనాసియా అని పిలిచాడు. తను వేసిన జోకుకి తనే నవ్వాడు. తాత జోకులకి జనం నవ్వాలి గాని తాత ఎన్నడూ నవ్వడు.

వంటపాకలో కానాఎలికి ఇవేవీ తెలియవు. ఆయనకి తెలిసిందల్లా, తాత గిన్నె నిండుగా తిరిగొచ్చింది, దాంతోపాటు రావాల్సిన తిట్టు రాలేదు.

"ఏమన్నాడే?" అన్నాడు కూతురితో.

"ఏమీ అనలేదు నాన్నా."

"ఉప్పు గురించి?"

"ఏమీ అనలేదంటున్నాగా."

కానాఎలి ఇంకో గిన్నెలో సూపు పోసి, కావాలనే అందులో చిటికెడు ఉప్పు కూడా వేయకుండా పంపాడు. అది ఉత్త గుమ్మడికాయ నీళ్లు. ఐకాందె తిరిగొచ్చింది.

"ఒక గుటక తాగాడు. బాగుందన్నాడు."

కానాఎలి గరిటె కింద పెట్టేశాడు. "బాగుందన్నాడా? అయితే మనిషి పోతున్నాడే" అన్నాడు.

ఊపిరందని ఆ ఎత్తున జబ్బు పడ్డవాడు ఎంతటివాడైనా వెంటనే కిందికి దిగాలి, అదొక్కటే మందు. ఈ సంగతి తాతే వచ్చినవాళ్లందరికీ గేటు దగ్గర చెబుతాడు. ఆ మాటే ఐకాందె ఆయనకి చెప్పింది. దిగేవాళ్లెవరో తేల్చేది పెద్ద గైడు, పెద్ద గైడుని నేను, నేను బాగున్నానని తేల్చాను అన్నాడు తాత. అయితే మడమకి కాలివేలు ఆనించి ఒక గీత మీద నడిచి చూపించమంది. ఈ పరీక్ష కూడా తాత అందరికీ పెట్టేదే. లేచాడు, నాలుగడుగులు వేశాడు, సోల్వేగ్ ఊలుబుట్టలో కూలబడ్డాడు. నేల వంకరగా ఉందన్నాడు. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. ఎత్తుకెళ్దామని మోతగాళ్లు దగ్గరికొస్తే కర్ర ఎత్తాడు. నన్ను దించితే ఊళ్లో నా మొహం నేను చూసుకోలేను, చస్తే ఇక్కడే చస్తాను అన్నాడు. వాళ్లలో సగం మందికి మొదటి పని ఇప్పించింది తాతే. ఎవరూ చెయ్యి వేయలేకపోయారు.

ఆయన ఎదురుచెప్పలేని మనిషి లోకంలో ఒక్కడే, అక్క మొగుడైన బావ. ఆ బావతో మాటల్లేవు. మాట కలవాలంటే ఇసాలే ఆకు కావాలి. ఇసాలే ఉన్నది ఊళ్లో అరటి తోటల మధ్యన. ఇక్కడ పచ్చగా ఉన్నది ఏదైనా ఉందంటే అది కూరల బుట్టలోనే.

కానాఎలి బుట్ట బోర్లించి వెతికాడు. వాడిపోయిన ఉల్లికాడల్లో పొడుగ్గా ఉన్నది ఒకటి ఏరి, ముడివేసి, చేతులు కడుక్కుని, తలపాగా తీసి, దాన్ని రెండు అరచేతుల్లో పెట్టుకుని బయటికొచ్చాడు. మోతగాళ్లు పనులాపి లేచి నిలబడ్డారు. వంటవాడు గార్నిషు చూపించడానికి వస్తున్నాడేమో అనుకుని హాకొన్ చప్పట్లు కొట్టబోతే, సోల్వేగ్ ఆయన చెయ్యి పట్టుకుంది.

కానాఎలి వచ్చి తాత ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాత ఆ చేతుల్లోకి చూశాడు. ఏళ్ల తర్వాత బావతో ఆయన అన్న మొదటి మాట ఇది:

"ఇది ఉల్లికాడ."

"ఇంత ఎత్తున ఇసాలే ఇదే" అన్నాడు కానాఎలి.

"చెల్లదు."

ఇక అక్కడ పంచాయితీ మొదలైంది. పచ్చగా ఉండి ముడిపడితే చెల్లుతుందని కిలెమా ఊరి మోతగాడొకడు అన్నాడు. కూరలో వేసేది ఎలా చెల్లుతుందని మచామె ఊరివాడు అడ్డొచ్చాడు. మా తాతల కాలంలో కరువొస్తే గడ్డిపోచతో కూడా అడిగారని ఇంకొకడు లేని తాతని ఎత్తుకొచ్చాడు. మనిషి ఊపిరందక రొప్పుతుంటే ఆ గాలిలో నిలబడి ఉల్లికాడ కులగోత్రాలు తేల్చుకుంటున్నారు మావాళ్లు. ఐకాందె నోరుచేసుకుంటే గాని ఆగలేదు. చివరికి అందరిలోకీ పెద్దవాడు, అడిగేవాడి మోకాళ్లు నిజమైతే ఆకు నిజమే అన్నాడు.

"సరే. ఏం తప్పు చేశావో చెప్పు ముందు" అన్నాడు తాత, మాటకీ మాటకీ మధ్య దగ్గుతూ.

"నాకు తెలీదు ఎలియుఫో. నువ్వే చెప్పు. అదే చేశానంటాను."

"హద్దు జరిపావు."

కానాఎలి తలెత్తి కూతురివైపు చూశాడు, తర్వాత మోతగాళ్లవైపు చూశాడు. అంతమంది సాక్షులు. ఊళ్లో ఇక ఈ మాట చెరిగేది కాదు.

"జరిపాను" అన్నాడు.

"ఎంత జరిపావు?"

"నువ్వెంతంటే అంత."

ఇక తాతకి దారి లేదు. ఉల్లికాడ పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, గెలిచినవాడిలా అందరికేసీ చూసి, "క్షమించాను. అంతేగాని దిగుతానన్లేదు" అన్నాడు.

"దిగక ఏం చేస్తావు? ఆకు పుచ్చుకున్నావు. కల్లు తాగాలి కదా. కల్లు ఇక్కడుందా? ఊళ్లో ఉంది. నువ్వు తాగకుండా ఇక్కడే పోతే నీ ఇంటికీ కీడు, నా ఇంటికీ కీడు. మా ఆవిడ నీ అక్క. దాని నోటికి నేనొక్కణ్ణే జవాబు చెప్పాలా? లే."

తాతకి ఈ మెలిక తట్టలేదు. కొండకి భయపడి దిగడం వేరు, ఆచారం కోసం దిగడం వేరు అని ఆయనే పైకి అనుకున్నాడు. అలా అనుకునే తీరిక ఇచ్చి, కానాఎలి ఆయన చంకలో చెయ్యి వేసి లేపాడు.

కొండ మీద జబ్బుపడ్డవాళ్లని దించడానికి ఒంటిచక్రం బండి ఉంటుంది. అది పిండిబొమ్మల కోసమని, బావ భుజం మీదే దిగుతానని తాత మొండికేశాడు. మొదటి వాలు దాటేలోగా మోకాళ్లు మడతపడ్డాయి. మాట్లాడకుండా ఎత్తి బండిలో వేసి తాళ్లు బిగించారు. అక్కణ్ణుంచి మోతగాళ్లు రాళ్ల మీద బండి లాక్కుంటూ పరుగు. బండిలోంచి తాత, మెల్లగా, మెల్లగా, అని అరుస్తూనే ఉన్నాడట. ఆయన జీవితంలో ఆ మాట మనస్ఫూర్తిగా అన్నది అప్పుడేనని ఐకాందె అంటుంది. నిజానికి ఐకాందె అది చూడలేదు. తను నార్వే వాళ్లని పైకి తీసుకెళ్లడానికి కీబోలోనే ఉండిపోయింది. తీసుకెళ్లింది, చక్కగా దింపింది కూడా.

పొద్దు వాలేలోపు హొరొంబో చేరారు. కిందికి వచ్చేకొద్దీ తాత పెదవుల రంగు తేరుకుంది. కానాఎలి జావ కాచి, చెంచాతో నోట్లో పెట్టాడు. తాత చప్పరించి మొహం చిట్లించాడు.

"ఉప్పేది?"

కానాఎలి గిన్నె కింద పెట్టి, కాస్త దూరం వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు. మోతగాళ్లు చెప్పడం, ఆయన భుజాలు కదిలాయని. తర్వాత ముక్కు చీదుకుని వెనక్కొచ్చి, "ఉప్పు వేశాను. నీ నాలికే పైన వదిలేసొచ్చావు" అన్నాడు. మధ్యన మోయడానికి ఎవరూ లేకుండా సూటిగా మొహం మీదే అన్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక కల్లు తాగారు. ఊరంతా వచ్చింది. ఒకే బుర్రలోంచి బావా బావమరిదీ తాగుతుంటే ఆడవాళ్లు సంబరంగా కూత పెట్టారు. రెండో బుర్ర లోపలికి వెళ్లేసరికి తాత కథ తయారైంది. తనకి కొంచెం దగ్గుందట, అంతే. శిఖరం అరచేతి దూరంలో ఉందట. అంతలో బావ వచ్చి కాళ్లమీద పడి తప్పు ఒప్పుకుంటే, ఆచారం కాదనలేక, కొండని వదిలి కల్లు కోసం దిగొచ్చాడట. కానాఎలి బుర్ర అందుకుంటూ తలూపాడు.

అనాసియా మాత్రం ఊరుకోలేదు. తమ్ముణ్ణీ మొగుణ్ణీ చెరో చెయ్యీ పట్టుకుని హద్దు దగ్గరికి లాక్కెళ్లింది. తగువు మొదలైన ఏడు గాలివానకి ఇసాలే కొమ్మ ఒకటి విరిగి తాత వైపు పడిందనీ, పడ్డచోటే వేరు పట్టిందనీ, పాత మొదలు కుళ్లిపోయిందనీ చెప్పి, మట్టి కాలితో గీకి ఆ మొదలు చూపించింది. తను వంటింటి వాకిట్లోంచి కళ్లారా చూసిందట.

"ఇన్నేళ్లూ చెప్పవేమే?" అన్నాడు కానాఎలి.

"నన్నెవరు అడిగారు? మీరిద్దరూ నోళ్లు మూసుకున్నాక ఇంట్లో ఎంత సుఖంగా ఉందో నాకు తెలుసు" అంది అనాసియా.

జనం పడీపడీ నవ్వారు. కానాఎలి కూడా నవ్వాడు. తాత ఆ కుళ్లిన మొదలు కేసి చూసి, వెనక్కి తిరిగి, మూడో బుర్ర ఎక్కడుందని అడిగాడు. చెయ్యని తప్పు నెత్తినేసుకున్న బావకి ఇప్పుడు ఆకు పట్టుకెళ్లాల్సింది తాతేనని ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పటిదాకా పట్టుకెళ్లలేదు.

మోషీ ఆవిడకి ఆచారాలతో పనిలేదు. బండిలో దిగాడా లేదా అని ఒక్కటే అడిగింది. ఇప్పుడు పెద్ద గైడు ఐకాందె. తాత గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ల బూట్లు తడిమి చూసి, ఇవి పెళ్లికి వేసుకోవాల్సినవి అని వెక్కిరించి పంపుతాడు. కానాఎలి పైకి వెళ్లేముందు ఆ బెంచీ మీద ఒక గిన్నె సూపు పెట్టి వెళ్తాడు. తాత అది తాగి, ఖాళీ గిన్నె మోతగాడి చేతికిచ్చి, పైకి కబురు పంపుతాడు. ఆ కబురేమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా రాసి, గేటు దగ్గరికి వెళ్లి తాతకి చదివి వినిపించాను. చివరిదాకా కదలకుండా విన్నాడు. ఏమైనా మార్చమంటావా తాతా అని అడిగాను.

"అంతా అబద్ధం. బావ తప్పు ఒప్పుకున్నాడన్నదొక్కటే నిజం. అది ఉంచి మిగతాది చింపెయ్" అన్నాడు.